బానెట్ కింద ఒకే బెల్టు

కారు బెల్టు, పుల్లీల పని ఇంటి వాకిట్లో ఎంతవరకు చేసుకోవచ్చు? మిరప, పత్తి మైదానాల్లో ఆ ప్రశ్న ఎందుకు అడగాల్సి వస్తోంది?

మార్చి నెల, మిట్టమధ్యాహ్నం. చిలకలూరిపేట నుంచి గుంటూరు వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి మీద మిరప టిక్కీల లారీలు యార్డు వైపు వరుసకట్టి పోతున్నాయి. ఘాటు గాలిలోనే ఉంది. అద్దం దించితే దగ్గు ఖాయం. రోడ్డు పక్కన తుమ్మచెట్టు నీడలో బానెట్ ఎత్తిన కారు ఒకటి ఆగి ఉంది. వెనక సీట్లో పెళ్లికి బయల్దేరిన ఆడవాళ్లు చెంగులతో విసురుకుంటున్నారు. ముహూర్తం దగ్గర పడుతోంది. ముందు ఏదో కీచుమంది, తర్వాత మీటర్ల మధ్య ఎర్రగా బ్యాటరీ లైటు వెలిగింది, ఏసీలోంచి వేడిగాలి మొదలైంది, చూస్తుండగానే టెంపరేచర్ ముల్లు పైకి పాకింది. ఇంజను ముందు భాగంలో నల్లటి రబ్బరు బెల్టు తెగి, అంచులు దారాలు దారాలుగా విడిపోయి వేలాడుతోంది. వేసవిలో ఈ దారిన తిరిగేవాళ్లకు ఇది తెలియని దృశ్యమేమీ కాదు.

కాసేపటికి మెకానిక్కు బండి మీద వస్తాడు. కొత్త బెల్టు ఎక్కిస్తాడు. ఇంజను అందుకుంటుంది, అందరూ ఊపిరి పీల్చుకుని కారెక్కుతారు. చాలా ఇళ్లలో కథ అక్కడితో ముగిసిందనుకుంటారు, కొన్ని వారాలకు అదే కీచు మళ్లీ మొదలవుతుంది. కంపెనీ బెల్టు కాదని దుకాణాన్ని తిడతారు, వేసినవాడికి పని రాదని మెకానిక్కును తిడతారు. తెగింది బెల్టే అయినా, దాన్ని తెంపింది చాలాసార్లు పక్కనే తిరుగుతున్న ఒక పుల్లీ. ఆ పుల్లీ పాడవుతున్న సంగతి అందరికన్నా ముందు వినగలిగేది రోజూ ఆ కారు స్టార్టు చేసే ఇంటివాళ్లు. అందుకే ఈ పనిలో సగం, అంటే వినడం, చూడడం, చేత్తో తిప్పి పరీక్షించడం, ఇంటి వాకిట్లోనే జరగాలి. కొన్ని కార్లకైతే పనంతా అక్కడే జరగవచ్చు. వస్తువు కొన్నవాడికి దాన్ని బాగుచేసుకునే హక్కు ఉందా లేదా అని దేశంలో కొన్నేళ్లుగా చర్చ నడుస్తోంది కాబట్టి, ఈ మాట గట్టిగా అనడానికి ఇదే సమయం.

ఒకదాని మీదే అన్ని బరువులు

ఇంజను కింది భాగంలో క్రాంకు పుల్లీ తిరుగుతూ ఉంటుంది. చల్ల చిలికేటప్పుడు తాడు లాగితే కవ్వం తిరిగినట్టు, ఆ పుల్లీ లాగే బెల్టు మిగతావాటిని తిప్పుతుంది. బ్యాటరీకి కరెంటు నింపే ఆల్టర్నేటర్ (మన షెడ్లలో చాలామందికి ఇంకా డైనమోయే), ఏసీ కంప్రెసర్, చాలా మోడళ్లలో వాటర్ పంపు, పాత మోడళ్లలో పవర్ స్టీరింగు పంపు, అన్నీ దానిమీదే ఆధారపడతాయి. వీటి మధ్య ఏ యంత్రాన్నీ నడపని పుల్లీలు ఒకటో రెండో ఉంటాయి. బెల్టును దారి మళ్లించేది ఐడ్లర్, స్ప్రింగు బలంతో దాన్ని ఎప్పుడూ బిగువుగా ఉంచేది టెన్షనర్. ఇన్నిటి చుట్టూ మెలికలు తిరిగే ఈ పొడవాటి బెల్టును కంపెనీ పుస్తకాలు సర్పెంటైన్ బెల్టు అంటాయి. దుకాణంలో రిబ్బు బెల్టనో ఫ్యాన్ బెల్టనో అడిగినా ఇదే ఇస్తారు.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రోజుల్లో సంగతి వేరు. అప్పుడు వాడింది వి ఆకారపు గాడిలో కూర్చునే బెల్టు. అమెరికాలోని డెన్వర్‌లో జాన్ గేట్స్ 1917లో తెచ్చిన ఆ వి బెల్టు కార్లనీ మిల్లులనీ దశాబ్దాల పాటు ఏలింది. కారులో యంత్రాలు పెరిగేకొద్దీ బెల్టులూ పెరిగాయి. డైనమోకి ఒకటి, ఏసీకి ఇంకొకటి, స్టీరింగు పంపుకి వేరొకటి. 1979 మోడల్ ఫోర్డ్ ముస్టాంగ్‌తో వాటన్నిటి బదులు వెడల్పాటి ఒకే బెల్టు వచ్చింది, తర్వాత ప్రపంచమంతా ఆ దారే పట్టింది. దానివల్ల జాగా కలిసొచ్చింది, బిగువు సరిచేసే పని తప్పింది. కానీ అదివరకు ఏసీ బెల్టు తెగితే చెమటలు కారుస్తూనైనా ఇల్లు చేరేవాళ్లం. ఇప్పుడు ఆ ఒక్కటీ తెగితే ఏసీ, చార్జింగు ఒకేసారి పోతాయి. వాటర్ పంపు కూడా దానిమీదే ఉన్న కారైతే నిమిషాల్లో ఇంజను కాగిపోతుంది. ఇంకా నాలుగు కిలోమీటర్లే కదా అని నడిపితే సిలిండర్ హెడ్ వంగుతుంది, గ్యాస్కెట్ పోతుంది. అప్పుడయ్యే ఖర్చు ముందు బెల్టు ధర లెక్కలోకే రాదు.

బెల్టు మీది అంకెలు చదవడం ఇలా

బెల్టు వీపు మీద 6పీకే1200 లాంటి గుర్తు ఉంటుంది. 6 అంటే లోపలి వైపు నిలువు గాళ్ల మధ్య ఆరు రిబ్బులు. పీకే అంటే కార్లకు వాడే రిబ్బుల కొలత, రిబ్బుకీ రిబ్బుకీ మధ్య 3.56 మిల్లీమీటర్లు. 1200 అంటే పొడవు మిల్లీమీటర్లలో. ఒకే మోడల్ కారుకు ఏసీ ఉంటే ఒక పొడవు, లేకపోతే మరో పొడవు ఉండవచ్చు. దుకాణానికి వెళ్లేటప్పుడు కారు పేరుతో పాటు ఈ గుర్తు కూడా రాసుకెళ్లాలి.

ఎండ, దుమ్ము, దూది పీచు

కారుతో ఇచ్చే పుస్తకంలో సర్వీసు పట్టికలు తరచు రెండు ఉంటాయి. ఒకటి మామూలు వాడకానికి, రెండోది తీవ్ర పరిస్థితులకు. దుమ్ము రోడ్లు, విపరీతమైన ఎండ, తక్కువ దూరాల తిరుగుడు, నిలబెట్టి ఇంజను నడపడం లాంటివి రెండో పట్టికలోకి వస్తాయి. పల్నాటి రెంటచింతల పేరు ఎండాకాలంలో వార్తల్లోకి ఎందుకు వస్తుందో తెలుగువాళ్లందరికీ తెలుసు. నల్లరేగడి డొంకల్లో కార్లు కల్లాల దాకా పోతాయి. మిరప ఆరబోసిన చోట ఏసీ వేసుకుని, ఇంజను ఆపకుండా గంటల తరబడి బేరాలు సాగుతాయి. కంపెనీ రాసుకున్న మాటల ప్రకారమే మన మైదానాల్లో కార్లన్నీ తీవ్ర పరిస్థితుల్లో ఉన్నట్టు లెక్క. అయినా సర్వీసు మాత్రం మొదటి పట్టిక ప్రకారం చేయిస్తున్నాం.

రబ్బరుకు వేడి శత్రువు. 10 డిగ్రీల వేడి పెరిగితే దాని ఆయుష్షు సగానికి పడిపోతుందన్నది ఇంజనీర్లు వాడే స్థూలమైన లెక్క. ఎండలో నిలబెట్టిన కారు బానెట్ కింద ఉండే వేడి బయటి ఎండకన్నా ఎంతో ఎక్కువ. రేగడి ఎండితే లేచే దుమ్ము ఇంకో రకంగా దెబ్బతీస్తుంది. గరుకు రేణువులు రిబ్బుల మధ్య చేరి బెల్టునూ పుల్లీనీ రెండింటినీ అరగదీస్తాయి, బేరింగు సీలు దాటి లోపలికి పోతే గ్రీజును ముద్దకట్టిస్తాయి. జిన్నింగు మిల్లుల చుట్టుపక్కల దూది పీచు రేడియేటర్ ముందు చాపలా అల్లుకుని గాలి ఆడనివ్వదు, దాంతో ఇంజను మరికొంత వేడెక్కుతుంది. ఇక వానల్లో డొంక బురద సంగతి చెప్పక్కర్లేదు.

ఇక్కడొక విషయం తెలియక చాలామంది మోసపోతున్నారు. పాతకాలపు నియోప్రీన్ బెల్టులు ముసలివైతే పగుళ్లు చూపించేవి, కంటితో చూసి మార్చేవాళ్లం. ఇప్పటి ఈపీడీఎం రబ్బరు బెల్టులు అంత తేలిగ్గా పగలవు. టైరు అరిగినట్టే రిబ్బులు లోలోపల అరుగుతాయి, పైకి మాత్రం నిగనిగలాడుతూ ఉంటాయి. పగుళ్లు లేవు కదా అని వదిలేస్తే, అరిగిన బెల్టు పుల్లీ మీద జారుతూ వేడెక్కి, ఆ వేడి పక్కనున్న బేరింగులకు ఎక్కుతుంది. బేరింగు బిగుసుకుంటే అది బెల్టును తినేస్తుంది. ఇలా ఒకదాన్నొకటి చెడగొట్టుకునే జతలో ఒకదాన్నే మార్చడం సగం వైద్యం. ఎక్కువ దూరం తిరిగిన కారుకు బెల్టుతో పాటు టెన్షనర్, ఐడ్లర్ కూడా మార్చమని బెల్టుల కంపెనీలే చెబుతున్నాయి. సరుకు అమ్ముకోవడానికి చెప్పే మాటే అది అని కొట్టిపారేయవచ్చు. పుల్లీని చేత్తో తిప్పి చూస్తే ఆ మాట నిజమో కాదో ఇంట్లోనే తేలిపోతుంది.

మిషను పట్టా మార్చిన చేతులు

కారు బెల్టు మనకేం తెలుస్తుందన్నది ఈ ప్రాంతం చరిత్రకు సరిపడని మాట. బావుల మీద ఆయిలింజన్లు కొట్టుకుంటున్న కాలంలో ఇంజనుకీ పంపుకీ మధ్య పట్టా వేయడం, జారితే ఎక్కించడం రైతు ఇంట్లో మగపిల్లలకు వచ్చిన పనే. ఊళ్లో పిండిమర, కారం మిల్లు, జిన్నింగు మిల్లు అన్నీ పట్టాల మీదే నడిచాయి. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం కుట్టుమిషను. కాలితో తొక్కే మిషనుకు తోలు పట్టా సాగిపోతే కొంత కోసి, చివర బెజ్జం పెట్టి, ఇనప కొక్కెం బిగించి మళ్లీ ఎక్కించింది మన అమ్మమ్మలు, అమ్మలు. బిగువు ఎక్కువైతే తొక్కడం బరువు, తక్కువైతే చక్రం జారుతుంది. ఆ రెంటి మధ్య సరైన చోటు వాళ్ల వేళ్లకు తెలుసు. సూత్రం మారలేదు. మారిందల్లా బానెట్ ఎత్తడానికి మనకు పట్టుకున్న భయం.

ఆ పాత అలవాట్లలో ఒకటి మాత్రం కారుకు పనికిరాదు. మిల్లుల్లో పట్టా జారితే గుగ్గిలమో మైనమో రాసేవాళ్లు. దాన్నే గుర్తుపెట్టుకుని కొందరు కీచుమనే కారు బెల్టుకు సబ్బు రుద్దుతారు, ఇంకొందరు స్ప్రే కొడతారు. శబ్దం రెండు రోజులు ఆగుతుంది. ఆ జిగురుకు దుమ్ము అంటుకుని రిబ్బులు మరింత త్వరగా పోతాయి. పైగా రాబోయే ప్రమాదాన్ని ముందుగా చెప్పే ఒకే ఒక్క గొంతును మనమే నొక్కేసినట్టవుతుంది.

నీళ్లు చిలకరిస్తే తెలిసే సంగతి

ఇంజను ఐడిల్‌లో ఉండగా, చేతులు దూరంగా పెట్టి, స్ప్రే సీసాతో బెల్టు రిబ్బుల వైపు కొద్దిగా నీళ్లు చిమ్మాలి. శబ్దం కాసేపు ఆగి మళ్లీ వస్తే ఏదో పుల్లీ వరస తప్పి వంకరగా ఉందని అర్థం. నీళ్లు పడగానే శబ్దం పెరిగితే బిగువు చాల్లేదని, టెన్షనర్ అలిసిపోయిందని అర్థం. నూనె, కూలెంట్ కారి బెల్టు తడిసి ఉంటే ముందు ఆ లీకేజీ సంగతి చూడాలి. లేకపోతే ఎన్ని బెల్టులు వేసినా దండగే.

వాకిట్లో జరిగే పని

పొద్దున్నే, ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టాలి. తాళం తీసి జేబులో వేసుకోవాలి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పాలి. తర్వాత చేయాల్సిన మొదటి పనికి పానాతో సంబంధం లేదు. బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎటు పోతోందో ఫోన్‌తో ఫొటో తీసి, కాగితం మీద బొమ్మ కూడా గీసుకోవాలి. కొన్ని కార్లకు బానెట్ లోపల ఆ బొమ్మ స్టిక్కర్ మీద ఉంటుంది కానీ పాత బండి అయితే అది వెలిసిపోయి ఉంటుంది. బొమ్మ లేకుండా బెల్టు తీసినవాళ్లు తిరిగి వేసేటప్పుడు తికమకపడి సాయంత్రం దాకా కూర్చుంటారు. టెన్షనర్ చేతికి పొడవాటి పిడి ఉన్న పానా తగిలించి, స్ప్రింగుకు ఎదురుగా నెమ్మదిగా తిప్పితే బెల్టు వదులవుతుంది. అందుబాటులో ఉన్న నున్నటి పుల్లీ మీంచి దాన్ని జార్చి, పానాను అంతే నెమ్మదిగా వెనక్కి రానివ్వాలి. ఠక్కున వదిలితే వేళ్లు నలుగుతాయి, టెన్షనర్ కూడా దెబ్బతింటుంది.

బెల్టు బయటికి వచ్చిన ఆ పది నిమిషాలు అసలైన పరీక్షా సమయం. రోడ్డు పక్కన తొందరలో ఎవరూ చేయని పని ఇదే. ఒక్కొక్క పుల్లీని వేలితో తిప్పాలి. మంచి ఐడ్లర్ చప్పుడు లేకుండా, కొంచెం బరువుగా తిరిగి ఆగుతుంది. లోపల గ్రీజు ఎండిపోయిందైతే గరగరమంటుంది, లేదా మరీ తేలిగ్గా బుస్సుమంటూ చాలాసేపు తిరుగుతుంది. బాగా తిరుగుతోంది కదా అని చాలామంది పొరబడేది ఈ రెండోదాన్ని చూసే. తర్వాత పుల్లీని అంచు పట్టుకుని అటూ ఇటూ ఊపాలి. ఏమాత్రం లొడలొడలాడినా మార్చాల్సిందే. వాటర్ పంపు పుల్లీ ఊగితే, దాని చుట్టూ ఎండిన కూలెంట్ మరక కనిపిస్తే, పంపే పోతోందని లెక్క. పుల్లీల ముఖాల మీద స్కేలు ఆనించి చూస్తే వరస తప్పింది బయటపడుతుంది. గాళ్లలో ఇరుక్కున్న మట్టిని పొడి బ్రష్‌తో తీసేయాలి.

ఐడ్లర్, టెన్షనర్ మార్చడమంటే చాలా కార్లలో ఒకటి రెండు బోల్టుల పని. కొన్నిటికి ఎడమ మరలుంటాయి, విప్పుతున్నామనుకుని బిగించి బోల్టు తెంపుకునే ప్రమాదం ఉంది. అందుకే ముందుగా ఆ మోడల్ సంగతి కనుక్కోవాలి, బోల్టు బిగువు కూడా కంపెనీ చెప్పిన కొలతకే ఉండాలి. కొత్త బెల్టును పాతదాని పక్కన పెట్టి పొడవూ రిబ్బులూ పోల్చాక, బొమ్మ ప్రకారం చుట్టి, నున్నటి పుల్లీ మీదికి ఆఖరున ఎక్కించాలి. ప్రతి పుల్లీ దగ్గరా రిబ్బులు గాళ్లలో సరిగ్గా కూర్చున్నాయో లేదో చేత్తో తడిమి చూడాలి. ఒక్క రిబ్బు పక్కకు జరిగి కూర్చున్నా బెల్టు ఎక్కువ రోజులు బతకదు. పైకి పెద్ద పనిలా కనిపించినా, డైనమో బోల్టు వదులు చేసి, ఇనప కడ్డీతో ఎత్తిపట్టి, బొటనవేలితో నొక్కి బిగువు చూసుకున్న అంబాసిడర్ కాలంతో పోలిస్తే ఇది తేలిక. బిగువు సంగతి టెన్షనరే చూసుకుంటుంది.

ఇంట్లో ముట్టుకోకూడనివి

టైమింగ్ బెల్టు వేరు. అది మూత లోపల ఉండి ఇంజను వాల్వులను నడుపుతుంది, ఒక్క పన్ను తప్పినా ఇంజనే పోవచ్చు. క్రాంకు పుల్లీ విప్పడానికీ ప్రత్యేక పనిముట్లు కావాలి. టెన్షనర్ లేకుండా సాగదీసి వేసే స్ట్రెచ్ బెల్టులున్న కార్లూ ఉన్నాయి, వాటిని స్క్రూడ్రైవరుతో ఎక్కిస్తే దారాలు తెగుతాయి. జాకీ మీద లేపి ఇంజను మౌంటు విప్పితే తప్ప చెయ్యి పట్టని కార్లదీ అదే దారి. ఈ నాలుగూ షెడ్డుకు పోవాల్సినవే.

ప్రమాదం, వారంటీ, మెకానిక్కు

ఇంట్లో చేసుకోమంటే మొదట వచ్చే అభ్యంతరం ప్రమాదం. అది న్యాయమైనదే. పట్టాల్లో పడి చేతులు పోగొట్టుకున్నవాళ్లు మిల్లుల ఊళ్లకు కొత్త కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం తిరుగుతున్న యంత్రం దగ్గర బెల్టు పని ప్రత్యేకంగా శిక్షణ పొందిన మనిషే, ఒంటికి అతుక్కునే బట్టలు వేసుకుని చేయాలంది. తిరిగే పుల్లీ దగ్గర 15 సెంటీమీటర్ల కన్నా వెడల్పైన బెల్టును ముట్టుకోవద్దంది. నూర్పిడి యంత్రాల్లో చేతులు తెగిపడుతున్న రోజుల్లో 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టమే వచ్చింది. ఈ చట్టాలు చూసింది ముఖ్యంగా కదులుతున్న యంత్రాన్ని. మనం మాట్లాడుతున్నది ఆగి, చల్లబడి, బ్యాటరీ వైరు విప్పిన ఇంజను గురించి. ఇంజను తిరుగుతుండగా బానెట్ కింద చెయ్యి పెట్టకూడదన్న ఒక్క నియమం తప్పనంతవరకు, ప్రమాదం ఎక్కువగా ఉండేది రోడ్డు పక్కన లారీల మధ్య నిలబడి చేసే మరమ్మతులోనే. కండువా, చున్నీ, వేలాడే గొలుసు, గాజులు తీసేయడం ఎక్కడైనా తప్పదు.

రెండోది వారంటీ. బయట పని చేయిస్తే వారంటీ పోతుందని షోరూముల్లో వినిపించే మాటను 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఒప్పుకోలేదు. విడిభాగాలు, పరీక్షా పరికరాలు బయటి మార్కెట్లో దొరక్కుండా చేశాయని 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544.65 కోట్ల రూపాయల జరిమానా వేసింది. బయట మరమ్మతు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దనే షరతు పెట్టవద్దని, ఆ పని వల్ల జరిగిన నష్టం మేరకే నిరాకరించవచ్చని చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 డిసెంబరు 24న కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు పోర్టల్ తెరిచినప్పుడు వ్యవసాయ పరికరాలు, ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలతో పాటు వాహనాలనూ అందులో చేర్చింది. అయినా వారంటీలో ఉన్న కొత్త కారు బెల్టును మనం తీయాల్సిన పనిలేదు, తప్పు కంపెనీదైతే ఖర్చు వాళ్లే భరిస్తారు. ఈ కథనం ముఖ్యంగా వారంటీ దాటిన బండ్ల కోసం, చేతులు మారి ఊరికి వచ్చిన సెకండ్‌హ్యాండ్ కార్ల కోసం.

మూడోది నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన అభ్యంతరం. అందరూ ఇంట్లోనే చేసుకుంటే గుంటూరు ఆటోనగర్‌లో, చిలకలూరిపేటలో, మార్టూరు రోడ్డు పక్క షెడ్లలో బతికేవాళ్ల సంగతేమిటి? లారీ బాడీల తయారీతో పేరు తెచ్చుకున్న చిలకలూరిపేటలో ఎన్నో కుటుంబాలకు ఇంజనే అన్నం పెడుతోంది. కానీ ఈ పనిలో మెకానిక్కుకు మిగిలేదేమిటో చూడండి. రోడ్డు మీద పిలిపించుకున్న యజమాని తొందరలో ఉంటాడు, బెల్టు మాత్రమే వెయ్యి చాలంటాడు. ఐడ్లర్ పోయిందని మెకానిక్కు చెబితే డబ్బులు గుంజడానికే అనుకుంటాడు. పుల్లీని తన చేత్తో తిప్పి, గరగర విన్న యజమాని ఆ మాట నమ్ముతాడు, మంచి విడిభాగం తెమ్మంటాడు, కూలీ గౌరవంగా ఇస్తాడు. చేతనైన మెకానిక్కుకు తెలిసిన గిరాకీ వల్ల నష్టం లేదు. నష్టపోయేది పుల్లీ చూడకుండా నెలనెలా బెల్టు మార్చేవాడే.

అసలు చిక్కు సమాచారం దగ్గర ఉంది. యజమాని పుస్తకంలో బెల్టు గురించి చాలాసార్లు ఉండేది డీలరును సంప్రదించండి అన్న ఒక్క వాక్యం, అదీ ఇంగ్లిషులో. పురుగుమందు సీసా మీద ఉండాల్సిన హెచ్చరికలు తెలుగులో కావాలని అడిగిన రైతు, అంతకు ఎన్నో రెట్ల డబ్బు పోసి కొన్న బండికి బెల్టు దారి చూపే బొమ్మను తెలుగులో అడగడం గొంతెమ్మ కోరికేం కాదు. ఈ ప్రాంతపు ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో ఆదివారాలు ఖాళీగా ఉండే వర్క్‌షాపులున్నాయి. స్టాండు మీద బిగించిన పాత ఇంజను, నాలుగు పానాలు, అరిగిన ఐడ్లర్లు కొన్ని ఉంటే ఒక పూటలో ఈ పని నేర్పవచ్చు. గురజాల నుంచి అర్ధరాత్రి ముసలి తండ్రిని గుంటూరు ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాల్సిన కొడుకూ, మండలాల మధ్య రోజూ ఒంటరిగా కారు నడిపే టీచరమ్మా ఆ తరగతికి మొదట రావాల్సినవాళ్లు. పత్తి తీతలు ముగింపుకొచ్చి, మిరప కోతలు ఊపందుకోకముందే, జనవరి ఆదివారాల్లో పెడితే ఆ ఏడాది ఎండలకు ముందే వాళ్ల బండ్ల పుల్లీలు ఒకసారి తిప్పి చూసినట్టవుతుంది.